మొదటి నాలుగు బిందెలు

మా గల్లీలో నీళ్లు బాగున్నాయని ఇన్నాళ్లూ ప్రభుత్వానికి రాసిచ్చింది నేనే. నన్నెవరూ బలవంతపెట్టలేదు. వారానికోసారి పొద్దున్నే నీళ్ల లైన్‌మన్ పొడుగాటి రిజిస్టర్ పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడేవాడు. "మేడం, ఒక సైన్" అనేవాడు. నేను చేతి తడి చీరకు తుడుచుకుని, అతను వేలితో చూపించిన గడిలో సంతకం పెట్టేదాన్ని. తేదీ, ఇంటి నంబరు, నీళ్లలో క్లోరిన్ ఉందా లేదా అన్న గడి అప్పటికే నిండి ఉండేవి. ఆ మూడో గడిలో ఎప్పుడూ "ఉంది" అనే ఉండేది. అతని భుజానికి వేలాడే సంచీలో పరీక్ష చేసే చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉందని నాకు తెలుసు. అది సంచీలోంచి బయటకు రావడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. అడగలేదు కూడా.

మాది పురానాపూల్ దగ్గర పన్నెండు ఇళ్ల గల్లీ. మొదట్లో నాలుగిళ్లు, తర్వాత మాది, మా వెనక ఏడు. నల్లా రోజు విడిచి రోజు పొద్దున ఆరింటికి వస్తుంది. లైన్‌మన్ మొదట్లో ఏ ఇంటి ముందు పడితే ఆ ఇంటి ముందు ఆగేవాడు. ఒకరోజు గల్లీ అంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే మా పక్కింటావిడ అతన్ని నా దగ్గరికి పంపింది. "చదువుకున్న పిల్ల ఉండంగ మా వేలిముద్రలెందుకు? బేటీ, నువ్వే పెట్టెయ్" అంది. నాకు సంతోషం కూడా వేసింది. పెళ్లయి వచ్చాక నా డిగ్రీ ఎవరికైనా పనికొచ్చింది అదే మొదటిసారి.

అసలు మా నీళ్లు ఎలా వస్తాయో చెప్పాలి. నల్లా తిప్పగానే ముందు గాలి వస్తుంది, తర్వాత బూడిదరంగు నీళ్లు వస్తాయి. వాటికి మురుగు కంపు. నాలుగు బిందెలకు సరిపడా నీళ్లు అలా పోయాక నీళ్లు తేటపడతాయి, వాసన పోతుంది. అప్పుడు పట్టుకుంటాం. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఇది నాకు నేర్పింది ఖాలానే. "నాలుగు లెక్కపెట్టు, తర్వాత దోసిట్లో పట్టి వాసన చూడు, తర్వాత బిందె పెట్టు." బియ్యం కడిగిన మొదటి నీళ్లు పారబోయడం ఎంత మామూలో ఇదీ అంతే అనుకున్నాను. గల్లీలో అందరూ అలాగే అనుకున్నారు. నల్లాలోంచి మురుగు వస్తోందన్నది ఫిర్యాదు చేయాల్సిన సంగతని మాలో ఒక్కరికీ తట్టలేదు. దాన్ని మేము ఇంటిపనిలో కలిపేసుకున్నాం.

వానలు మొదలయ్యాక మా పాపకు వాంతులు పట్టుకున్నాయి. దానికి మూడున్నరేళ్లు. అన్నం తిననంటే మారాం అనుకున్నాను. మూడోరోజు దాన్ని ఎండలో నిలబెట్టి తల దువ్వుతుంటే కళ్లలో తెల్లగుడ్డు పచ్చగా కనిపించింది. దువ్వెన అక్కడే పడేసి దాన్ని ఎత్తుకుని పరుగెత్తాను.

కామెర్లు అన్నాడు డాక్టరు. నీళ్లు ఎక్కడివని అడిగాడు. నేను నీళ్లు కాచి, వడపోసి, చల్లార్చి సీసాలో పోసే మనిషిని. ఆ మాటే కాస్త గొప్పగా చెప్పాను. పళ్లు తోముకునేటప్పుడు ఏ నీళ్లతో పుక్కిలిస్తుందని అడిగాడు.  పాప నల్లా కింద నోరు పెట్టి సగం ఉమ్ముతుంది, సగం మింగుతుంది. రోజూ నా కళ్ల ముందే. డాక్టరు ఇంకో ప్రశ్న వేశాడు. చుట్టుపక్కల గర్భిణులు ఎవరైనా ఉన్నారా, ఉంటే జాగ్రత్త, వాళ్లకిది ప్రాణం మీదికి తెస్తుంది అన్నాడు. ఖాలా కోడలికి అప్పుడు అయిదో నెల.

ఇంటికొచ్చాక మా అత్తమ్మ, బండి మీద ఐసు గోలా తినిపించి బిడ్డను ఖరాబు చేశానంది. మా ఆయన లాడ్ బజార్‌లో గాజుల హోల్‌సేల్ దుకాణంలో పనిచేస్తాడు. పొద్దున పోతే రాత్రికి వస్తాడు. "కంప్లైంట్ పెట్టు, నీకు తెలుసు కదా" అన్నాడు. నాకు తెలుసు. డిగ్రీలో నేను చదివిందే ప్రభుత్వ పాలనాశాస్త్రం.

నీళ్ల ఆఫీసు ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేశాను. ఒకావిడ ఇంటి నంబరు అడిగి రాసుకుంది. మర్నాడు సాయంత్రం మెసేజ్ వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. గల్లీలోకి ఎవరూ రాలేదు. గుమ్మంలో కూర్చుని ఉన్నది నేనే కదా, నాకు తెలియదా. మళ్లీ చేశాను. మళ్లీ పరిష్కరించబడింది. తర్వాత అర్థమైంది, ఫిర్యాదును ఇన్ని గంటల్లో మూసేయాలని వాళ్లకు లెక్క ఉందట. మూశారా లేదా అని పైవాళ్లు చూస్తారు. నీళ్లు మారాయా అని చూసే గడి ఆ కంప్యూటర్లో లేదు. ఉన్న గడినే ఎవరైనా నింపుతారు.

పాపను అత్తమ్మకు అప్పగించి నీళ్ల ఆఫీసుకు పోయాను. ఖాలా తోడొచ్చింది. గర్భిణుల గురించి డాక్టరన్న మాట చెప్పినప్పటి నుంచి ఆమెకు కూడా నిద్ర లేదు. ఆఫీసంటే ఒక గది, మూడు బల్లలు. నీళ్లు వదిలే పని చూసే బల్ల, పరీక్షల రిజిస్టర్లు చూసే బల్ల, ఫిర్యాదులు చూసే బల్ల. మూడింటి మీదా సంతకం పెట్టే అధికారి ఒక్కడే. నా ఈడువాడు, మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, విన్నాడు, రిజిస్టర్ తెప్పించాడు.

"ఈ సంతకం మీదేనా మేడం?"

"నాదే."

పేజీ తిప్పాడు. "ఇది?"

"నాదే."

ఇంకో నాలుగు పేజీలు తిప్పాడు. ప్రతి పేజీలో నా సంతకం గుండ్రంగా, చక్కగా ఉంది. "నీళ్లు మంచిగున్నయని మీరే రాసిచ్చి, మంచిగ లేవని మీరే వస్తే నేనేం చెయ్యాలె చెప్పండి. మీరు చదువుకున్నోళ్లు."

నేను రిజిస్టర్ మూసి అతని వైపు జరిపాను. ఖాలా మాత్రం తగ్గలేదు. "సార్, ఈమె సంతకం తప్పే. మా పన్నెండిండ్ల ముక్కులు గూడ తప్పా? ఒక్కపారి వచ్చి వాసన చూడుండ్రి. మీ సంతకం మీరే పెట్టుకోండ్రి."

పిల్లకు పానీపూరీ గిట్ల తినిపించారా అని అతను నన్నడిగాడు. మా అత్తమ్మ అన్నప్పుడు ఏడుపొచ్చింది. ఈయన అన్నప్పుడు ఒళ్లు మండింది.

పాప పక్కన పడుకుని ఉంటే ఇదంతా రాస్తున్నాను. ఇప్పటికీ ఆ మంట చల్లారలేదు. డిగ్రీ పరీక్షలో తనిఖీ ఎలా ఉండాలన్న ప్రశ్నకు నేను నాలుగు పేజీల జవాబు రాశాను. సేవ అందించేవాళ్లు, దాన్ని తనిఖీ చేసేవాళ్లు, తప్పు జరిగితే విచారించేవాళ్లు ఒకరే కాకూడదు. తనిఖీ చేసేవాడి చేతిలో జనం తరఫున ఒక సాక్ష్యం ఉండాలి. అధికారం ఎంత పైకి పోతే బాధ్యత కూడా అంత పైకి పోవాలి. మంచి మార్కులు వచ్చాయి. ఆ గదిలో నిలబడినప్పుడు తెలిసింది, ఇవన్నీ పాటించినట్టే కనిపించే ఏర్పాటు కూడా ఒకటి ఉంటుందని. వాడకందారు సంతకం పెట్టాలన్న నియమం ఎవరో మంచి మనసుతోనే పెట్టి ఉంటారు. సిబ్బంది ఇంట్లో కూర్చుని రాసేయకుండా ఇంటావిడ చూసి ఒప్పుకోవాలని. ఆ నియమం మా గల్లీకి చేరేసరికి తలకిందులైంది. నన్ను కాపాడడానికి పెట్టిన గడి నా నోరు నొక్కడానికి పనికొచ్చింది. అందులో నా చెయ్యి ఉంది. అది కప్పిపుచ్చను. కానీ చూడకుండా సంతకం పెట్టిన నన్ను నిలదీసినంత సులువుగా, పరీక్ష చేయించని ఆఫీసును నిలదీసే బల్ల ఆ గదిలో ఎక్కడుంది?

చివరికి తనే వచ్చి పరీక్ష చేస్తానని అధికారి ఒప్పుకున్నాడు. ఎల్లుండి, నల్లా వచ్చే రోజు.

ఆ పొద్దున మా గల్లీని చూడాల్సింది. అందరూ వాకిళ్లు ఊడ్చారు. ఖాలా ఇంట్లోంచి కుర్చీ తెచ్చి మా నల్లా పక్కన వేసింది, మీద తువ్వాలు పరిచింది. నేను లోపల పాపకు గ్లూకోజ్ నీళ్లు పట్టిస్తున్నాను. అది గుటకకో మాట చెబుతోంది. అధికారి గొంతు వినబడి బయటకు వచ్చేసరికి నల్లా నుంచి నీళ్లు అద్దంలా పడుతున్నాయి. మోరీ కాలువ నిండా బూడిదరంగు నీళ్లు అప్పుడే సాగిపోతున్నాయి. పన్నెండు ఇళ్లవాళ్లూ నల్లాలు ముందే తిప్పేసి మొదటి నీళ్లన్నీ వదిలేశారు. మా నల్లా తిప్పింది మా అత్తమ్మే.

"పెద్దమనిషి వస్తుంటే కంపు నీళ్లు ముందు పెడ్తమా?" అంది ఖాలా, నేను గుడ్లప్పగించి చూస్తుంటే. ఆమె మొహంలో ఇల్లు సర్దిన తృప్తి ఉంది. ఇంటికి వచ్చినవాళ్లకు చిరిగిన చాప చూపించనట్టే మురుగునూ చూపించలేదు. మేం దేనికోసం ఆ మనిషిని పిలిచామో దాన్నే శుభ్రంగా కడిగేశాం.

అధికారి గాజు గొట్టంలో నీళ్లు పట్టాడు, కొత్త సీసాలోంచి మందు చుక్కలు వేశాడు. గొట్టం లేత పసుపు తిరిగింది. పసుపు వస్తే క్లోరిన్ ఉన్నట్టు, మంచి నీళ్లన్నట్టు. అందరికీ ఎత్తి చూపించాడు. గొట్టంలో కనబడాల్సిన ఆ పసుపు ఇన్నాళ్లు ఎవరూ వెతకలేదు, చివరికి నేను దాన్ని నా బిడ్డ కళ్లలో చూశాను. రిజిస్టర్ నా ముందుకు వచ్చింది. మొదటి నీళ్లు పోయాయి, ఇది పరీక్ష కాదు, పెట్టను అన్నాను. అతను కోప్పడలేదు. వాడకందారు సంతకానికి నిరాకరించారు అని చక్కటి అక్షరాలతో రాసుకుని వెళ్లిపోయాడు. దానికి కూడా గడి ఉంది.

ఖాలా కుర్చీ మీది తువ్వాలు తీసి మడిచింది. తర్వాత "నేనే చెడగొట్టిన్నా బేటీ?" అంది. ఔననాలని నోటి దాకా వచ్చింది. కానీ సంతకాలు పెట్టిన చెయ్యి ఆమెది కాదు కదా.

లైన్‌మన్ అధికారితో వచ్చినవాడల్లా వెనక ఆగిపోయాడు. కుర్చీ ఎత్తి ఖాలా గుమ్మంలో పెట్టి, నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు. "పరీక్ష మందు అయిపోయి మస్తు రోజులైంది మేడం. అడిగితే ఇండెంట్ పెట్టినం, వస్తది అంటరు. గడి ఖాళీగ పెడితే నాకు మెమో. నింపితే ఎవ్వరికి ఫికర్ లేదు. నేను పర్మినెంట్ గూడ కాదు, ఏజెన్సీ మనిషిని."

"నా బిడ్డకు కామెర్లొచ్చినయ్ అన్నా" అన్నాను.

అతను సంచీ భుజం మీదికి లాక్కున్నాడు. "నాకూ ఇద్దరున్నరు. మేముండేది చాంద్రాయణగుట్ట దిక్కు. అక్కడ మా గల్లీల ఎవరు సైన్ పెడ్తున్నరో నాకు తెల్వదు."

ఆ మాటతో అతని మీద నా కోపం సగానికి తగ్గింది. మిగతా సగం ఎక్కడికి పంపాలో తెలియలేదు. అధికారి తెచ్చిన కొత్త మందు సీసా తన సంచీలోనే ఉండిపోయిందని లైన్‌మన్ చెప్పాడు. వచ్చే నల్లా రోజు వాల్వు తిప్పి నేరుగా ఇక్కడికే రమ్మని అడిగాను. వస్తాననలేదు, రాననలేదు.

నేను మాత్రం ఇంటింటికీ తిరిగాను. ఆ రోజు పరీక్ష అయ్యేదాకా ఎవరూ నల్లా ముట్టుకోవద్దని చెప్పాను. కంపు బిందె ఇంట్లో పెట్టుకోమంటావా అని కొందరు నవ్వారు. పనులకు పోవాల్సినవాళ్లు విసుక్కున్నారు. చివరి ఇంటావిడ మాత్రం, నీ సంతకంతోనే ఈ లొల్లి అంతా వచ్చింది, ఇప్పుడు నీ మాట వినాలా అంది.  విన్నది మాత్రం విన్నది.

ఆ పొద్దున లైన్‌మన్ వచ్చాడు. అందరం చుట్టూ నిలబడ్డాం. గాలి పోయి, మొదటి ధార గొట్టంలో పడింది. చుక్కలు వేశాడు. రంగు రాలేదు. ఊపాడు, వెలుగుకు ఎత్తి పట్టాడు, ఇంకో రెండు చుక్కలు వేశాడు. బూడిద బూడిదగానే ఉంది. ఖాలా కోడలు కొంగు మూతికి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. లైన్‌మన్ రిజిస్టర్ తెరిచి పెన్ను మూడో గడి మీద ఆనించి కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత "లేదు" అని రాశాడు. నేను సంతకం పెట్టి ఫోన్‌లో ఆ పేజీ ఫొటో తీసుకున్నాను. ఆ ఫొటో పెట్టి పై ఆఫీసుకు ఉత్తరం రాశాను, కింది ఆఫీసుకూ రాశాను.

కొద్దిరోజులకు తవ్వారు. మోరీ లోపలి నుంచే పైపు పోతోంది. ఒక అతుకు దగ్గర సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది. నల్లా లేనప్పుడు ఆ పైపు మురుగును పీల్చుకుంటుంది, వచ్చినప్పుడు మాకు పోస్తుంది. గల్లీ మొదటి నుంచి కొత్త పైపు వేస్తూ వచ్చి మా గుమ్మం దగ్గర ఆపేశారు. మట్టి కప్పేశారు. ఇంకా ఏడిళ్లున్నాయి కదా అంటే, ఫిర్యాదు మీ ఇంటి నంబరు మీద ఉంది, వెనక్కి పోవాలంటే అది వేరే ఎస్టిమేట్ అన్నారు.

ఆ వారం రిజిస్టర్ పట్టుకుని కొత్త మనిషి వచ్చాడు. పాతతనికి మెమో ఇచ్చి ఇంకో సెక్షన్‌కు పంపారని చెప్పాడు. ఇన్నాళ్లు ఉన్న క్లోరిన్ ఆ ఒక్కరోజు ఎందుకు లేదో సంజాయిషీ ఇమ్మన్నారట. అబద్ధం రాసినన్నాళ్లు అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. నిజం రాసిన వారమే అడిగారు. మందు పంపనివాళ్లను అడగలేదు. మురుగులో పైపు వేసి బిల్లు పాస్ చేసినవాళ్లను అడగలేదు. సంజాయిషీ అన్నది మెట్లు దిగడమే తప్ప ఎక్కడం ఎరగదు. నేను చదివిన పుస్తకంలో బాణం గుర్తులన్నీ పైకి ఉండేవి. అతని తరఫున కూడా ఒక ఉత్తరం రాశాను. ఆ పేజీ మీద నా సంతకం కూడా ఉంది, నన్ను కూడా అడగండి అని. దానికి ఇంతవరకు ఏమీ రాలేదు.

మళ్లీ ఆఫీసుకు పోయాను. అధికారి ఈసారి నవ్వుతూనే పలకరించాడు. "పాప ఎట్లుంది మేడం? మీ ప్రాబ్లం అయిపోయింది కదా."

పాప బాగుంది. కళ్లు తెల్లబడ్డాయి, అన్నం దగ్గర మారాం మళ్లీ మొదలైంది. బాగుందని చెప్పాను. ఆ ఒక్క మాటతో నేను అడగడానికి వచ్చింది చెల్లకుండా పోయినట్టు చూశాడు. వెనకింటివాళ్ల సంగతి ఎత్తితే, వాళ్లది వాళ్లే పెట్టుకోవాలన్నాడు. నష్టపోయినవాడు వచ్చి అడిగితేనే కదిలే చట్టం, అడగడం వచ్చినవాళ్ల గుమ్మం దాకానే వస్తుందని నాకు ముందే తెలిసి ఉండాల్సింది. మా గల్లీలో తవ్విన గుంత ఎక్కడ ఆగిందో చూస్తే చాలు.

ఏడిళ్ల ఫోన్ల నుంచి ఏడు ఫిర్యాదులు నేనే పెట్టాను. ఆ ఏడిళ్లలో మొదటిదైన ఖాలా ఇంటికి నీళ్లు ఇప్పుడు మా నల్లా నుంచే పోతున్నాయి. ఆమె కోడలికి ఏడో నెల. ఎన్ని బిందెలు మోసినా, ఆ పిల్ల మొహం కడుక్కునేటప్పుడు తమ నల్లానే తిప్పుతుంది. చెబితే మర్చిపోయాను అంటుంది. నా కూతురు మర్చిపోయినట్టే.

ఇవాళ మధ్యాహ్నం ఖాలా తన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. మెసేజ్ వచ్చింది, చదవమంది. చదివాను. మీ ఫిర్యాదు పరిష్కరించబడింది.

"ఎవరొచ్చిండ్రు?"

"ఎవరూ రాలే ఖాలా."

"అబద్ధమని జవాబు రాయ్."

ఈ నంబరుకు జవాబు పంపడం కుదరదని కింద చిన్న అక్షరాల్లో ఉంది. అదీ చదివి చెప్పాను. ఆమె ఫోన్ వెనక్కి తీసుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది రాసినోడు ఏడ కూసుంటడు?"

"ఆ ఆఫీసులనే. మూడు బల్లలున్నయ్ చూడు, గందులనే."

"అయితే నడువు."

ఆమె లోపలికి వెళ్లి బురఖా వేసుకుని వచ్చింది. వెనకాలే చివరి ఇంటావిడ, ఆమె వెనక ఇంకో ఇద్దరు చెప్పులు వెతుక్కుంటూ బయటికి వచ్చారు. ఖాలా కోడలిని ఇంట్లో ఉండమన్నాం. నేను పాపను ఎత్తుకున్నాను.

గదిలో కుర్చీలు సరిపోలేదు. ఆడవాళ్లు నేల మీద కూర్చున్నారు. అధికారి ఫీల్డ్‌లో ఉన్నాడు, రేపు రండి అన్నాడు ఫిర్యాదుల బల్ల దగ్గరి ఆయన. రేపు నల్లా రోజు, మేం రాలేం, ఆయన్నే రమ్మనండి అంది ఖాలా, కదలకుండా. "ఆరింటికి. ఈసారి కుర్చీ వెయ్యం. నల్లా గూడ ముట్టం." అయిదు దాటాక అతను ఫోన్ తీసి అధికారికి కలిపాడు. రేపు ఆరింటికి వస్తానన్నాడట. కాగితం మీద రాసిమ్మన్నాను. రాశాడు. తారీఖు వేయమన్నాను, వేశాడు. తన సంతకం పెట్టమంటే మాత్రం పెన్ను ఆపి నా మొహంలోకి చూశాడు. నేను కదలలేదు. ఖాలా కదలలేదు. పెట్టాడు.